పలకని తీగ

కంప్యూటరులో రాసిన ప్రోగ్రామును మైక్రోకంట్రోలర్‌లోకి ఎక్కించడానికి మధ్యవర్తిగా నిలిచే చిన్న పరికరాన్ని ఎలక్ట్రానిక్స్ వాడుకలో ప్రోగ్రామర్ అంటారు. ప్రోగ్రాము రాసే మనిషికీ అదే పేరు ఉండడం వల్ల కొత్తవారు తికమకపడతారు గాని, ఈ వ్యాసంలో ఆ మాట పరికరానికే వర్తిస్తుంది. ఇక మైక్రోకంట్రోలర్ అంటే లెక్కచేసే భాగమూ, జ్ఞాపకభాగమూ, బయటి తీగలతో వ్యవహరించే కాళ్ళూ ఒకే చిప్పులో ఇమిడిపోయిన అతిచిన్న కంప్యూటరు. వాషింగ్ మెషీన్‌లోను, కరెంటు మీటరులోను, లిఫ్టులోను కనబడకుండా పనిచేసేది అదే. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో, సాక్చీ బజారుకు దగ్గరగా ఉన్న కాసిడీహ్ వంటి పేటలో ఒక డిప్లొమా విద్యార్థి బల్లమీద గాని, ఖర్కాయి నదికి ఆవల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న కార్ఖానా మరమ్మతు గదిలో గాని ఈ ఎక్కించే పని తలపెట్టినప్పుడు, తెరమీద ఎదురయ్యే మొదటి ఆటంకం చాలాసార్లు ఒకే వాక్యం రూపంలో ఉంటుంది: ప్రోగ్రామర్ స్పందించడం లేదు.

ఈ వాక్యం చూడగానే చాలామంది ప్రోగ్రామర్‌ను అనుమానిస్తారు, కొందరు కొత్తది కొని తెచ్చుకొంటారు కూడా. నిజానికి ఆ వాక్యానికి ఉన్న అర్థం చాలా పరిమితం: కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న పంపింది, నిర్ణీతమైన గడువులోగా దానికి జవాబు రాలేదు. ప్రశ్న బయలుదేరిందా, దారిలో ఆగిందా, చేరిందిగాని అర్థం కాలేదా, జవాబు బయలుదేరి వెనక్కి రాలేకపోయిందా అన్న వివరమేదీ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఉత్తరం వేసి జవాబు కోసం ఎదురుచూసేవారికి పోస్టాఫీసులో ఏం జరిగిందో తెలియనట్టే, దానికి ఆ దారి అంతా చీకటి. ఆ దారిలో ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్, యూఎస్‌బీ కేబులు, సంకేతాన్ని మార్చే చిప్పు, రెండు మూడు తీగలు, ప్రోగ్రామర్‌లోని సొంత ప్రోగ్రాము, చివరికి గమ్యస్థానంలోని మైక్రోకంట్రోలర్ వరుసగా ఉంటాయి. లోపాన్ని పట్టుకోవడమంటే ఈ చీకటి దారిని మధ్యకు విరిచి, ఏ సగంలో ప్రాణం ఉందో ముందు తేల్చడమే.

దారిని విరవడానికి ముందు దానిమీద నడిచేది ఏమిటో తెలియాలి. ఇక్కడ సంభాషణ సీరియల్ పద్ధతిలో సాగుతుంది: ఒక అక్షరానికి సంబంధించిన ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది ఒకట్లు సున్నాలు, ఒకే తీగమీద ఒకదాని వెనక ఒకటిగా వెళతాయి. ఎప్పుడు మొదలవుతుందో చెప్పడానికి వేరే తీగ గాని, తాళం వేసే గడియారపు సంకేతం గాని ఉండదు. ఊరకే ఉన్నప్పుడు తీగ ఒకటి స్థితిలో నిలబడి ఉంటుంది. అది సున్నాకు దిగిన క్షణమే స్టార్ట్ బిట్, అక్కడినుంచి ఎనిమిది బిట్లు, చివర మళ్ళీ ఒకటికి తిరిగివచ్చే స్టాప్ బిట్. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్ళతో దంచేటప్పుడు ఒకరికొకరు సైగ చేసుకోరు; మొదటి పోటు పడగానే రెండోవారు లయ అందుకొంటారు, ఆ లయ ఇద్దరిలో ఒకేలా ఉన్నంతసేపు రోకళ్ళు ఢీకొనవు. సెకనుకు ఎన్ని బిట్లన్న ఆ లయనే బాడ్ రేటు అంటారు. 1874లో అయిదు బిట్ల టెలిగ్రాఫు లిపికి పేటెంటు పొందిన ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బోదో పేరుమీద ఆ మాట వచ్చింది. 9600 బాడ్ దగ్గర ఒక్కో బిట్టు సుమారు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది, 115200 దగ్గర తొమ్మిది మైక్రోసెకన్లయినా నిలవదు.

ఈ నిర్మాణం నుంచే లోపనిర్ధారణకు సంబంధించిన మొదటి సూత్రం పుడుతుంది: తెరమీద పిచ్చి అక్షరాలు కనిపిస్తే అది నిజానికి శుభవార్త. డ్రైవర్ పనిచేస్తున్నదని, తీగ తెగలేదని, అవతల ఏదో ఒకటి బతికి మాట్లాడుతున్నదని ఆ చెత్త అక్షరాలే సాక్ష్యమిస్తాయి. తేడా లయలోనో, వోల్టేజి తలకిందులు కావడంలోనో ఉందని అనుమానం అక్కడికి కుదించుకుపోతుంది. పూర్తి మౌనమే కష్టమైనది, ఎందుకంటే దారిలో ఏ చోట తెగినా మౌనం ఒకేలా ఉంటుంది.

లయ తప్పడానికి కారణం చాలాసార్లు చిప్పు గడియారాన్ని నడిపే క్రిస్టల్ అనే చిన్న లోహపు డబ్బాలో ఉంటుంది. అవతలివైపు గ్రహించే చిప్పు స్టార్ట్ బిట్ అంచు నుంచి కాలం లెక్కపెడుతూ ప్రతి బిట్టునూ దాని నడిమధ్యలో చూస్తుంది, కాబట్టి స్టాప్ బిట్‌ను చూసే వేళకు తొమ్మిదిన్నర బిట్ల కాలం గడిచి ఉంటుంది; అప్పటికి పోగుపడిన తేడా అర బిట్టు దాటితే చదివింది తప్పవుతుంది. అంటే రెండువైపుల గడియారాల మధ్య మొత్తం తేడా సిద్ధాంతరీత్యా అయిదు శాతం లోపల ఉండాలి, ఆచరణలో ఒక్కొక్కరి వాటా రెండు శాతానికి మించకపోతే మంచిది. మన దేశపు ఇంజనీరింగు ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పాతుకుపోయిన 8051 జాతి చిప్పుల పక్కన 11.0592 మెగాహెర్ట్జ్ అనే వింత సంఖ్య ఉన్న క్రిస్టల్ ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ చిప్పు తన గడియారాన్ని ముందు 12తోను, తరువాత 32తోను భాగిస్తుంది, 11.0592 మెగాహెర్ట్జ్‌ను అలా భాగిస్తే 28800 వస్తుంది, దాన్ని 3తో భాగిస్తే నికరంగా 9600. చేతికందిన 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను పెడితే అదే లెక్క 10417 దగ్గర తేలుతుంది, తేడా ఎనిమిదిన్నర శాతం, ఫలితం తెరనిండా చెత్త. అదే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 2400 బాడ్ పెట్టుకొంటే 13తో భాగించినప్పుడు 2404 వస్తుంది గనుక సంభాషణ చక్కగా సాగుతుంది. క్రిస్టల్ చెడిపోయిందని పారేసేవారు ఈ భాగహారం ఒకసారి చేసి చూస్తే దాని ప్రాణం నిలుస్తుంది. ఇక 11.0592 అన్నది 1.8432కు సరిగ్గా ఆరు రెట్లు. పాత పీసీల సీరియల్ చిప్పుకు ఇచ్చిన గడియారం 1.8432 మెగాహెర్ట్జ్, దాన్ని 16తో భాగిస్తే వచ్చేదే 115200.

ఆర్డుయినో బోర్డుల్లో వాడే ఏటీమెగా328పీ చిప్పుకు 16 మెగాహెర్ట్జ్ గడియారం ఉంటుంది, అది 115200కు సరిగ్గా తెగదు. దగ్గరగా వచ్చే సంఖ్య 117647, తేడా రెండు శాతం పైచిలుకు. అయినా పని జరిగిపోతుంది, ఎందుకంటే తొమ్మిదిన్నర బిట్లకు ఆ తేడా బిట్టులో అయిదో వంతు మాత్రమే. అవతలి గడియారం కూడా వ్యతిరేక దిశలో కాస్త జరిగితే మాత్రం అప్పుడప్పుడు ఎక్కి, అప్పుడప్పుడు ఎక్కని రకం తంటా మొదలవుతుంది. పూర్తిగా చెడిన పరికరం కంటే మనిషిని ఎక్కువ విసిగించేది ఇలా ఆగి ఆగి పలికేదే. ఒకే రకం ఆర్డుయినో నానో బోర్డుల్లో పాతవాటి బూట్‌లోడర్ 57600 బాడ్‌తోను, కొత్తవాటిది 115200తోను మాట్లాడడం ఇంకో చిక్కు. బూట్‌లోడర్ అంటే చిప్పులో ముందే కూర్చుని బయటినుంచి వచ్చే ప్రోగ్రామును అందుకొనే చిన్న ప్రోగ్రాము. చూడడానికి రెండు బోర్డులూ ఒకటే, సాఫ్ట్‌వేర్ మెనూలో పాత బూట్‌లోడర్ అన్న వరుసను ఎంచుకొంటే తప్ప పాతది నోరు విప్పదు.

వోల్టేజి విషయం మరో కథ. 1960లో అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఖరారు చేసిన ఆర్ఎస్-232 ప్రమాణంలో ఒకటి అన్నది రుణాత్మక వోల్టేజి, సున్నా అన్నది ధనాత్మకం. గ్రహించేవైపు మూడు నుంచి పదిహేను వోల్టుల మధ్య ఎటు ఉంటే అటు అర్థం చేసుకోవాలి. మైక్రోకంట్రోలర్‌కు మాత్రం ఒకటి అంటే 5 లేదా 3.3 వోల్టులు, సున్నా అంటే సున్నా. ఈ రెంటినీ నేరుగా కలిపితే సంకేతం తలకిందులు కావడమే గాక చిప్పు కాలు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇద్దరి మధ్య దుబాసీగా 1987లో వచ్చిన మ్యాక్స్232 అనే చిప్పు నాలుగు కెపాసిటర్ల సాయంతో 5 వోల్టుల నుంచే ధన, రుణ వోల్టేజీలు రెంటినీ తయారుచేసుకొంటుంది. దాని రెండో కాలు దగ్గర ఎనిమిది పది వోల్టులు, ఆరో కాలు దగ్గర దాదాపు అంతే రుణ వోల్టేజి మల్టీమీటరులో కనిపించాలి. కనిపించకపోతే ఏదో ఒక కెపాసిటరు తిరగబడి ఉంటుంది, లేదా విలువ తప్పి ఉంటుంది. మల్టీమీటరు అంతకంటే సులభమైన మరో ప్రశ్నకు కూడా జవాబిస్తుంది. పేరు రాయని తీగల్లో పంపే తీగ ఏదో తెలియనప్పుడు, ఊరకే ఉన్న సమయంలో గ్రౌండుతో పోల్చి కొలిస్తే, పంపే తీగ స్థిరమైన వోల్టేజితో నిలబడి ఉంటుంది: ఆర్ఎస్-232 అయితే మైనస్ అయిదు నుంచి మైనస్ పదిహేను మధ్య, చిప్పు స్థాయి అయితే ప్లస్ 3.3 లేదా 5. పంపే తీగను పంపే తీగకే కలిపి ఇద్దరూ మాట్లాడేవారే, వినేవారు లేని పరిస్థితి తెచ్చుకోవడం అనుభవజ్ఞులు కూడా చేసే పొరపాటు.

దారిని సగానికి విరిచే పని ఇప్పుడు చేపట్టవచ్చు. కంప్యూటరు నుంచి వచ్చే కేబులును ప్రోగ్రామర్ నుంచి విడదీసి, పంపే తీగను అందుకొనే తీగకు ఒక జంపర్ వైరుతో కలిపి, పుట్టీ లేదా మినీకామ్ వంటి టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా అక్షరం కొడితే అదే అక్షరం తిరిగి తెరమీదికి రావాలి. తొమ్మిది కాళ్ళ పాత పోర్టులో అయితే కలపవలసినవి రెండో కాలు, మూడో కాలు. దీన్ని లూప్‌బ్యాక్ పరీక్ష అంటారు. అక్షరం తిరిగి వచ్చిందంటే ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్, కేబులు, మార్పిడి చిప్పు అన్నీ నిర్దోషులు. రాలేదంటే ప్రోగ్రామర్‌ను ముట్టుకోనక్కర లేదు. అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది: పంపేదీ అందుకొనేదీ ఒకే గడియారం కాబట్టి బాడ్ రేటు తప్పు ఇందులో బయటపడదు. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్, అంటే ఆగు, పంపు అని వేరే తీగలతో చెప్పుకొనే ఏర్పాటు, పొరపాటున ఆన్‌లో ఉంటే మంచి కేబులు కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. ఆసిలోస్కోప్ అందుబాటులో ఉంటే పెద్దబడి ఇంగ్లీషు అక్షరమాలలోని యూ అక్షరాన్ని ఆగకుండా పంపడం మంచి ఉపాయం. దాని బిట్లు ఒకటి సున్నా ఒకటి సున్నాగా మారుతూ, స్టార్ట్, స్టాప్ బిట్లతో సహా నిఖార్సైన చదరపు తరంగంగా కనిపిస్తాయి, 9600 బాడ్ దగ్గర దాని వేగం సరిగ్గా 4800 హెర్ట్జ్.

ఇప్పటి ల్యాప్‌టాపులకు సీరియల్ పోర్టే లేదు గనుక యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిప్పు తప్పనిసరి అయింది, దానితోపాటు కొత్త రకం మౌనాలూ వచ్చాయి. అన్నిటికంటే సాదాసీదాది ఫోన్ చార్జింగ్ కేబులు: కొన్నింటిలో కరెంటు తీగలు తప్ప సమాచారపు తీగలు ఉండవు, బోర్డుమీద దీపం మాత్రం ధీమాగా వెలుగుతూ ఉంటుంది. నకిలీ చిప్పుల వ్యవహారం ఇంకా ముదిరింది. ఇటువంటి మార్పిడి చిప్పులు తయారుచేసే ఎఫ్‌టీడీఐ సంస్థ 2014లో విడుదల చేసిన విండోస్ డ్రైవర్ నకిలీ చిప్పులను గుర్తించి వాటి గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో, తమ తప్పేమీ లేని వాడుకదారుల పరికరాలు రాత్రికి రాత్రి పనిచేయడం మానేశాయి. గొడవ చెలరేగాక సంస్థ దాన్ని వెనక్కి తీసుకొంది. ప్రోలిఫిక్ సంస్థ పాత చిప్పులను కొత్త విండోస్‌లలో దాని డ్రైవర్ అసలు నడవనివ్వదు. ఉబుంటు వంటి లినక్స్‌లలో డయలవుట్ అనే గుంపులో వాడుకదారును చేర్చకపోతే పోర్టు తెరవడానికి అనుమతి దొరకదు. ఉబుంటు 22.04 వచ్చినప్పుడు మరో విచిత్రం జరిగింది: అంధుల కోసం బ్రెయిలీ తెరలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేర్, సీహెచ్340 అనే మార్పిడి చిప్పుకు ఉన్న గుర్తింపు సంఖ్యనే ఒక బ్రెయిలీ పరికరానిదిగా భావించి పోర్టును లాగేసుకొనేది. బోర్డు తగిలించగానే పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది, కారణం కోసం జనం బోర్డును, కేబులును మార్చి చూసుకొన్నారు.

యూఎస్‌బీ మార్పిడి వచ్చాక పూర్తిగా మూగబోయిన ప్రోగ్రామర్లు కూడా ఉన్నాయి. పిక్ జాతి మైక్రోకంట్రోలర్ల కోసం ఇళ్ళలో చేసుకొనే జేడీఎం తరహా ప్రోగ్రామర్‌లో సొంత చిప్పేదీ ఉండదు. సీరియల్ పోర్టులో మోడెమ్‌తో పలకరింపుల కోసం ఉద్దేశించిన డీటీఆర్, ఆర్‌టీఎస్ వంటి తీగలను కంప్యూటరే పైకీ కిందికీ ఆడిస్తూ ఒక్కొక్క బిట్టును చిప్పులోకి నెడుతుంది, కరెంటు కూడా ఆ తీగలనుంచే పిండుకొంటుంది. పాత డెస్క్‌టాపు పోర్టు పన్నెండు వోల్టుల ఊపు ఇచ్చినప్పుడు చిప్పుకు కావలసిన పదమూడు వోల్టుల ప్రోగ్రామింగు వోల్టేజిని ధన రుణాల మధ్య తేడానుంచి అది సంపాదించుకొనేది. ల్యాప్‌టాపు పోర్టు అయిదారు వోల్టుల దగ్గరే ఆగినప్పుడు ఆ ఎత్తు అందదు. యూఎస్‌బీ మార్పిడి కేబులుతో ఇంకో అవరోధం కాలానిది: తీగను ఒకసారి ఆడించాలన్న ప్రతి ఆజ్ఞా సుమారు ఒక మిల్లీసెకను లెక్కన నడిచే యూఎస్‌బీ వంతుకోసం ఎదురుచూడాలి. అక్షరాలను గుంపుగా పంపేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు గాని, ఒక్కో బిట్టుకు రెండుమూడు ఆడింపులు కావలసిన పనిలో క్షణాల్లో ముగియవలసింది నిమిషాలకు సాగుతుంది, మధ్యలో సాఫ్ట్‌వేర్ ఓపిక నశిస్తుంది. ఇటువంటి చోట కేబులు మంచిదే, ప్రోగ్రామర్ మంచిదే, లూప్‌బ్యాక్ కూడా నెగ్గుతుంది. రెండూ ఒకదానికొకటి పనికిరావు, అంతే.

అదే డీటీఆర్ తీగకు ఆర్డుయినోలో మరో ఉద్యోగం దొరికింది. పోర్టు తెరవగానే ఆ తీగ దిగడం వల్ల 100 నానోఫారడ్ కెపాసిటరు గుండా రీసెట్ కాలుకు ఒక చిన్న కుదుపు తగిలి, చిప్పు మళ్ళీ మొదలై, బూట్‌లోడర్ సుమారు ఒక సెకనుపాటు తలుపు తీసి ఉంచుతుంది. ఆ వ్యవధిలో సాఫ్ట్‌వేర్ హెక్సాడెసిమల్ లెక్కలో 30, 20 అనే రెండు బైట్లు పంపుతుంది, బదులుగా 14, 10 రావాలి. ఏవీఆర్‌డ్యూడ్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ పదిసార్లు ఇలా తలుపు తట్టి, వచ్చిన బైటును తెరమీద చూపిస్తుంది. చాలామంది చదవకుండా వదిలేసే ఆ ఒక్క బైటులోనే చాలా సమాచారం ఉంది. అక్కడ 30 కనిపిస్తే తాను పంపిందే తనకు తిరిగి వచ్చిందన్నమాట, ఎక్కడో పంపే తీగ, అందుకొనే తీగ ఒకదానికొకటి తగులుతున్నాయి. బోర్డు 0, 1 కాళ్ళకు బ్లూటూత్ మాడ్యూలు తగిలించి ఉంటే అది కూడా అదే తీగమీద మాట్లాడబోయి సంభాషణను చెడగొడుతుంది. ఒక ఆర్డుయినోనే ప్రోగ్రామర్‌గా మార్చి మరో చిప్పులోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఈ రీసెట్ సదుపాయమే బెడదగా మారుతుంది: పోర్టు తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రామర్ తానే కొత్తగా మొదలవుతుంది. దాని రీసెట్‌కూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే ఆ కుదుపును అది మింగేస్తుంది.

ఉక్కు కర్మాగారం చుట్టూ అల్లుకొన్న ఊరిలో వెల్డింగు సెట్లు, పెద్ద మోటార్లు ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి, వాటి విద్యుత్ రొద పొడవైన సీరియల్ తీగల్లోకి సులభంగా దూరుతుంది. ఒకే తీగ వోల్టేజిని గ్రౌండుతో పోల్చి చదివే ఆర్ఎస్-232ను పదిహేను మీటర్లకు మించి లాగవద్దన్నది పాత కట్టుబాటు. జంట తీగల మధ్య తేడాను మాత్రమే చదివే ఆర్ఎస్-485 పన్నెండు వందల మీటర్ల వరకు నిలుస్తుంది, కార్ఖానా యంత్రాలు దాన్ని ఎంచుకొన్నది అందుకే. గ్రౌండు తీగ లేకుండా పంపే, అందుకొనే తీగలు రెండే కలిపి చూసేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఎర్తింగు లేని రెండు కాళ్ళ ప్లగ్గుతో నడిచే ల్యాప్‌టాపు చార్జరు లోపలి కెపాసిటర్ల వల్ల ల్యాప్‌టాపు గ్రౌండు 230 వోల్టుల మెయిన్స్‌లో దాదాపు సగం దగ్గర తేలుతూ ఉండవచ్చు. చేతికి జివ్వుమని తగిలే ఆ కరెంటు అతి స్వల్పమే గాని, ఎర్తుకు కలిసి ఉన్న బోర్డుకు సంకేతపు తీగ ముందుగా తగిలితే చిప్పు కాలును చంపడానికి అది చాలు. గ్రౌండును అన్నిటికంటే ముందు కలపడం, అన్నిటికంటే చివర తీయడం పాతకాలపు మెకానిక్కులు చేతికి అలవాటు చేసుకొన్న క్రమం.

ఇంతవరకు దాటాక కూడా మౌనం ఉంటే, అది ప్రోగ్రామర్‌కూ చిప్పుకూ మధ్య ఉన్న చివరి అంగుళాలది. కొత్త ఏటీమెగా328పీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు తన లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ఎనిమిదితో భాగించి ఒక్క మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఇక్కడ తాళానికి వేరే తీగ ఉంటుంది; ప్రోగ్రామర్ దానిమీద ఇచ్చే తాళం ఆ వేగంలో నాలుగో వంతుకు లోపల, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపల ఉండాలి. యూఎస్‌బీఏఎస్‌పీ అనే చౌక ప్రోగ్రామర్ మామూలుగా 375 కిలోహెర్ట్జ్‌తో తాళం వేస్తుంది కాబట్టి సరికొత్త చిప్పు దాని ముందు మూగగా కూర్చొంటుంది. నెమ్మది తాళం కోసం బోర్డుమీద ఉన్న జంపరును కలిపితే అదే చిప్పు వెంటనే పలుకుతుంది. చిప్పు విన్నదీ లేనిదీ తెలియడానికి ఇక్కడ చక్కని ఏర్పాటు ఉంది: హెక్సాడెసిమల్‌లో ఏసీ, 53 అనే ఆజ్ఞ పంపితే, తరువాతి బైటు వెళ్ళే సమయంలో చిప్పు ఆ 53ను తిరిగి వినిపించాలి. బయటి క్రిస్టల్ వాడమని ముందే అమర్చేసి క్రిస్టల్ పెట్టని చిప్పుకు గడియారమే ఉండదు గనుక దానినుంచి 53 రాదు. వేరే బోర్డునుంచి ఒక గడియారపు సంకేతాన్ని దాని క్రిస్టల్ కాలుకు అరువిస్తే లేచి కూర్చొంటుంది, ఆ తరువాత అమరికను సరిదిద్దవచ్చు.

53 తిరిగి వచ్చాక సాఫ్ట్‌వేర్ చిప్పును మూడు బైట్ల సంతకం అడుగుతుంది. మూడూ సున్నాలు గాని, మూడూ ఎఫ్ఎఫ్‌లు గాని వస్తే అది సంతకం కింద లెక్కకు రాదు, అందుకొనే తీగ కిందికో పైకో అతుక్కుపోయిందని అర్థం. ఏటీమెగా328పీ సంతకం 1ఈ, 95, 0ఎఫ్. చివర పీ లేని ఏటీమెగా328 సంతకం 1ఈ, 95, 14. కొన్ని బోర్డులమీద ఈ రెండోది వస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి సంతకం సరిపోలేదని పని ఆపేస్తుంది. తెరమీద మళ్ళీ లోపం ఉందన్న సందేశమే కనిపిస్తుంది, చూసేవారికి అదీ మొదటి వైఫల్యం లాగే తోస్తుంది. కాని ఈసారి కేబులు, క్రిస్టల్, గ్రౌండు వేటినీ కదపనవసరం లేదు, మెనూలో చిప్పు పేరు మారిస్తే సరిపోతుంది.